మానిటాల్ ప్లేట్ పసుపైంది, కోయాగ్యులేజ్ నెగెటివ్ వచ్చింది: ఏది నమ్మాలి?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రాక్టికల్‌లో ముక్కు లోపలి నుంచి స్వాబ్ తీసి మానిటాల్ సాల్ట్ అగర్ మీద స్ట్రీక్ చేశాం. మర్నాటికి ప్లేట్ మొత్తం పసుపు. స్టెఫైలోకోకస్ ఆరియస్ అని రికార్డులో రాసేశాను. అదే ప్లేట్ మీది కాలనీతో ట్యూబ్ కోయాగ్యులేజ్ (ఆరియస్ అయితే ప్లాస్మాను గడ్డకట్టిస్తుంది, దాన్ని చూసే టెస్ట్) పెట్టి, మర్నాడు పొద్దున చూస్తే నెగెటివ్. ‘పసుపు రాగానే ఆరియస్ అని ఎవరు చెప్పారు?’ అని మా మేడమ్ రికార్డులో కొట్టేశారు. సెలెక్టివ్ మీడియా అంటే మనకు కావలసిన బ్యాక్టీరియా మాత్రమే పెరిగేది కదా, మరి ఇదేంటి? ఇంకో టెన్షన్ ఏంటంటే, మకాంకీ అగర్‌ని ఒక పుస్తకంలో సెలెక్టివ్ అని, ఇంకో పుస్తకంలో డిఫరెన్షియల్ అని రాశారు. వైవాలో ఏది చెప్పాలి? మీడియా పేర్లు, రంగులు టేబుల్ వేసుకుని బట్టీ పడుతున్నాను. పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి అన్నీ కలిసిపోతున్నాయి. గుర్తుపెట్టుకునే దారి చెప్పండి. ఫ్రిజ్‌లో పాత మానిటాల్ ప్లేట్లు కొన్ని మిగిలాయి, మళ్లీ చేసేటప్పుడు అవి వాడొచ్చా?

సమాధానం: మీరు అడిగినవాటిలో సగం ఒకే మాట దగ్గర చిక్కుకుని ఉన్నాయి. ‘కావలసిన బ్యాక్టీరియా మాత్రమే పెరిగేది’ అన్నారు. అలా పనిచేసే మీడియం మామూలు ల్యాబ్‌లో దొరకదు. సెలెక్టివ్ మీడియం చేసేదల్లా అక్కర్లేనివాటిలో చాలావాటిని అణచిపెట్టడం. పొలంలో కలుపు మందు చల్లినట్టు అనుకోండి. మందు పైరును పెంచదు, కలుపును మాత్రం చంపుతుంది. ఆ మందుకు లొంగని కలుపు పైరుతో పాటే ఏపుగా పెరుగుతుంది. మోతాదు ఎక్కువైతే పైరు కూడా కుంగిపోతుంది. మీ ప్లేట్ మీద ఈ రెండూ జరగవచ్చు.

ముందు మీ ప్లేట్ సంగతి చూద్దాం. మానిటాల్ సాల్ట్ అగర్‌లో 7.5 శాతం ఉప్పు, అంటే లీటరుకు 75 గ్రాములు ఉంటుంది. మామూలు న్యూట్రియంట్ అగర్‌లో లీటరుకు 5 గ్రాములే. అంత ఉప్పులో ఇ. కోలై లాంటి గ్రామ్ నెగెటివ్‌లు, స్ట్రెప్టోకోకస్‌లు నిలబడలేవు. స్టెఫైలోకోకస్‌లకు ఉప్పు పెద్ద లెక్క కాదు. చెమట ఆరిపోయి ఉప్పు మిగిలే చర్మం మీద బతకడం వాటికి అలవాటే. ఇక్కడ గమనించాల్సింది, ఉప్పు దారి ఇచ్చేది స్టెఫైలోకోకస్ గుంపు మొత్తానికి. ఆరియస్‌కు ప్రత్యేకంగా ఏమీ ఇవ్వదు. ముక్కులో, చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్ కూడా అందులో హాయిగా పెరుగుతుంది. మైక్రోకోకస్, కొన్ని బాసిల్లస్ జాతులు, ఒక్కోసారి ఎంటెరోకోకస్ కూడా వస్తాయి.

ఉప్పు పని అక్కడితో అయిపోయింది. రంగు సంగతి చూసుకునేవి మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం, ఫీనాల్ రెడ్ అనే పీహెచ్ సూచిక. మానిటాల్‌ను పులియబెట్టగలిగిన బ్యాక్టీరియా ఆమ్లం వదులుతుంది. పీహెచ్ 6.8 కంటే తగ్గగానే ఫీనాల్ రెడ్ పసుపు రంగులోకి మారుతుంది. ఆరియస్ సాధారణంగా ఈ పని చేస్తుంది, ఎపిడెర్మిడిస్ సాధారణంగా చేయదు. కానీ అదే గుంపులోని సాప్రోఫైటికస్ తరచుగా చేస్తుంది. కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టెఫైలోకోకస్‌లలో మానిటాల్‌ను పులియబెట్టేవి ఇంకా ఉన్నాయి. మీకు తగిలింది వాటిలో ఒకటి అయ్యే అవకాశం బాగా ఉంది. అందుకే పసుపు చూడగానే ‘ఆరియస్ కావచ్చు’ అని మాత్రమే రాయాలి. మీ మేడమ్ కొట్టేసింది ‘కావచ్చు’ లేనందుకే అనుకుంటున్నాను.

‘ప్లేట్ అంతా పసుపు’ అని రాశారు. పసుపైంది కాలనీయా, దాని చుట్టూ ఉన్న అగరా? ఈ రెండింటినీ ఒకటిగా చూడడం విద్యార్థుల్లో చాలా మామూలు. మైక్రోకోకస్ లూటియస్ కాలనీకి సొంతంగానే నిమ్మపండు రంగు ఉంటుంది, మానిటాల్‌తో సంబంధం లేదు. దాని కింద, చుట్టూ అగర్ ఎర్రగానే ఉండిపోతుంది. ప్లేట్‌ను తిప్పి అడుగు నుంచి వెలుతురులో చూడండి. కాలనీ చుట్టూ అగర్ పసుపుగా మారి, అంచు దగ్గర మెల్లగా ఎరుపులో కలిసిపోతూ ఉంటే అది ఆమ్లం. కాలనీ ఒక్కటే పసుపుగా ఉండి, దాని హద్దు దాటగానే ఎరుపు మొదలైతే అది పిగ్మెంట్. ఇంకోటి, స్ట్రీక్ మరీ ఒత్తుగా పడితే ఒక చోట పుట్టిన ఆమ్లం పక్కనున్న ఎపిడెర్మిడిస్ కిందికి కూడా పాకుతుంది. అప్పుడు ఏ కాలనీ పసుపు తెచ్చిందో ఎవరూ చెప్పలేరు. ప్లేట్ మొత్తం మారిందంటే మీ స్ట్రీకింగ్‌లో విడి కాలనీలు సరిగా రాలేదేమో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు కోయాగ్యులేజ్. ఆ నెగెటివ్‌ను కూడా వెంటనే నమ్మకండి. ట్యూబ్‌ను మర్నాడు పొద్దున ఒక్కసారే చూశానన్నారు. ఆరియస్ స్ట్రెయిన్లలో కొన్ని స్టెఫైలోకైనేజ్ అనే ఎంజైమ్ తయారుచేస్తాయి. అది ఏర్పడ్డ గడ్డను మళ్లీ కరిగిస్తుంది. సాయంత్రం గట్టిగా ఉన్న గడ్డ తెల్లారేసరికి నీళ్లలా కనిపించవచ్చు. అందుకే 4 గంటల వరకు మధ్యమధ్యలో ట్యూబ్‌ను మెల్లగా వంచి చూడాలి. కుదపకూడదు. అప్పటికి గడ్డ కట్టకపోతే 24 గంటలకు ఇంకోసారి చూడాలి. 4 గంటల్లో గడ్డ కడితే అది పాజిటివ్, తర్వాత కరిగినా పాజిటివే.

దాని కంటే పెద్ద అనుమానం, మీరు కాలనీని నేరుగా మానిటాల్ ప్లేట్ నుంచి తీయడం. సెలెక్టివ్ మీడియం మీద కనబడనిది చచ్చిపోయినట్టు కాదు. చాలా బ్యాక్టీరియా అక్కడ పెరగకుండా ఆగిపోతాయి గానీ, ప్రాణాలతోనే ఉంటాయి. మీ కాలనీ కింద, పక్కన ఇంకో జాతి కణాలు ఊరికే పడి ఉంటాయి. లూప్‌తో కాలనీని మొత్తం గీరి తీస్తే అవీ వస్తాయి. ఉప్పు లేని ద్రవంలో పడగానే లేచి కూర్చుంటాయి. మీ టెస్ట్ అప్పుడు రెండు జాతుల మిశ్రమం మీద జరుగుతుంది. పైగా మీడియంలోని ఉప్పు, రంగులు, ఆమ్లం కూడా కాలనీతో పాటే టెస్ట్‌లోకి వస్తాయి. స్లైడ్ కోయాగ్యులేజ్‌కు ఉప్పు ప్లేట్ కాలనీ తీసుకుంటే ప్లాస్మా లేకుండానే గుత్తులు కట్టవచ్చు. మకాంకీ, టీసీబీఎస్ (కలరా బ్యాక్టీరియా కోసం వాడేది) లాంటి చక్కెర ఉన్న ప్లేట్ల మీది కాలనీతో ఆక్సిడేజ్ చేస్తే, ఆమ్లం వల్ల పాజిటివ్ కావలసింది నెగెటివ్‌గా కనిపించవచ్చు. బ్లడ్ అగర్ సెలెక్టివ్ కాకపోయినా అక్కడా ఒక చిక్కుంది. క్యాటలేజ్ కోసం కాలనీ తీసేటప్పుడు అగర్‌ను గీరితే ఎర్ర రక్తకణాల్లోని క్యాటలేజే బుడగలు తెప్పిస్తుంది.

కాబట్టి ఈసారి ఇలా చేయండి. విడిగా ఉన్న ఒక కాలనీ పై భాగాన్ని మాత్రమే సూదితో తాకండి, అగర్‌కు తగలనివ్వకండి. దాన్ని న్యూట్రియంట్ అగర్ మీదో బ్లడ్ అగర్ మీదో విడి కాలనీలు వచ్చేలా స్ట్రీక్ చేయండి. మర్నాడు అన్నీ ఒకేలా ఉన్నాయా చూడండి. రెండు రకాలు కనిపిస్తే మళ్లీ విడదీయాలి. అంతా ఒకటే అని తేలాక గ్రామ్ స్టెయిన్, క్యాటలేజ్, ఆ తర్వాత కోయాగ్యులేజ్. దీనికి ఒక రోజు ఎక్కువ పడుతుంది. ప్రాక్టికల్ షెడ్యూల్‌లో ఆ రోజు లేదని ఈ మెట్టు దాటేయడం చాలా చోట్ల జరుగుతుంది, తర్వాత బయోకెమికల్స్ రిజల్టులు చూసి తలలు పట్టుకుంటారు.

మకాంకీ గురించి మీ రెండు పుస్తకాలూ సగం సగం చెప్పాయి. అది సెలెక్టివ్ కూడా, డిఫరెన్షియల్ (పెరిగినవాటిని రంగుతో వేరుచేసి చూపించేది) కూడా. వైవాలో రెండూ చెప్పి, ఏ పదార్థం వల్ల ఏదో చెప్పండి, ఇక అడగడానికి ఏమీ మిగలదు. బైల్ సాల్ట్స్, క్రిస్టల్ వయొలెట్ గ్రామ్ పాజిటివ్‌లను ఆపుతాయి. గ్రామ్ నెగెటివ్‌లకు బయట ఇంకో పొర ఉంటుంది, అందులోని లైపోపాలీశాకరైడ్ వీటిని సులువుగా లోపలికి రానివ్వదు. పేగులో బతికే జాతులకు పైత్యరసం రోజూ ఉండేదే. ఇది సెలెక్టివ్ భాగం. లాక్టోజ్, న్యూట్రల్ రెడ్ డిఫరెన్షియల్ భాగం. లాక్టోజ్‌ను పులియబెట్టే ఇ. కోలై, క్లెబ్సియెల్లా గులాబీ రంగులో వస్తాయి. ఇ. కోలై చుట్టూ బైల్ అవక్షేపం వల్ల మసక వలయం కూడా కనిపిస్తుంది, క్లెబ్సియెల్లా జిగురుగా సాగుతుంది. సాల్మొనెల్లా, షిగెల్లా, ప్రోటియస్, సూడోమోనాస్ రంగు లేకుండా ఉంటాయి.

ఎగ్జామినర్ కాస్త లోతుగా వెళ్తే ఈ మూడూ ఉపయోగపడతాయి. మొదటిది, మకాంకీ పేరుతో దొరికే పొడులన్నీ ఒకటి కావు. క్రిస్టల్ వయొలెట్ లేని రకం కూడా ఉంది. దాని మీద ఎంటెరోకోకస్, స్టెఫైలోకోకస్ చిన్న చిన్న కాలనీలుగా వచ్చేస్తాయి, అవి రావాలనే ఆ రకం తయారుచేస్తారు. డబ్బా మీద లేబుల్ చదవకుండా ‘మకాంకీ మీద గ్రామ్ పాజిటివ్ రాదు’ అనకండి. రెండోది, గ్రామ్ నెగెటివ్‌లన్నీ దాని మీద పెరగవు. హీమోఫిలస్, గొనోకోకస్ (గనేరియా బ్యాక్టీరియా) దాని మీద రావు. మకాంకీ ఖాళీగా ఉంటే నమూనాలో గ్రామ్ నెగెటివ్ లేదని అర్థం కాదు. మూడోది సమయం. షిగెల్లా సొన్నె లాక్టోజ్‌ను ఆలస్యంగా పులియబెడుతుంది. 24 గంటలకు రంగు లేకుండా ఉన్న కాలనీ 48 గంటలకు గులాబీ కావచ్చు. రంగు రాసేటప్పుడు పక్కన గంటలు రాయడం అలవాటు చేసుకోండి.

బట్టీ విషయానికి వస్తే, మీ టేబుల్ తప్పు కాదు గానీ, తలకిందులుగా ఉంది. మీడియం పేరు, బ్యాక్టీరియా పేరు, రంగు అని మూడు నిలువు వరుసలు వేసుకుని ఉంటారు. వాటి మధ్య కారణం లేదు కాబట్టి టెన్షన్‌లో అన్నీ జారిపోతాయి. దాని బదులు లేబుల్ మీద ఉన్న ఒక్కో పదార్థాన్ని తీసుకుని నువ్వు ఎవరిని ఆపుతావు, లేకపోతే ఎవరిని చూపిస్తావు అని అడుగుతూ పోండి. పోషకాలు, అగర్ పక్కన పెడితే మిగతావాటిలో చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒక పని కోసమే వేస్తారు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ గొనోకోకస్ కోసం వాడే థేయర్ మార్టిన్ మీడియం. ఆధారం చాక్లెట్ అగర్, అంటే వేడి చేసిన రక్తం కలిపిన అగర్. అందులో వాంకోమైసిన్ గ్రామ్ పాజిటివ్‌లను ఆపుతుంది. కొలిస్టిన్ గొనోకోకస్ కాని గ్రామ్ నెగెటివ్‌లలో చాలావాటిని ఆపుతుంది. నిస్టాటిన్ ఈస్ట్‌లను ఆపుతుంది. అంతా బాగానే ఉంది గానీ, ప్రోటియస్‌కు పుట్టుకతోనే కొలిస్టిన్ పనిచేయదు. అది ప్లేట్ అంతా అలలు అలలుగా పాకి మిగతా కాలనీలను కప్పేస్తుంది. అందుకే తర్వాతి రూపంలో ట్రైమెతోప్రిమ్ చేర్చారు, అది ప్రోటియస్ కోసం. ఇలా తెలుసుకుంటే నాలుగు యాంటీబయాటిక్‌ల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఇంకో సంగతి, గొనోకోకస్ స్ట్రెయిన్లలో కొన్నింటికి వాంకోమైసినే పడదు. అవి ఈ మీడియం మీద రావు. అందుకే యాంటీబయాటిక్‌లు లేని చాక్లెట్ అగర్ కూడా పక్కన పెట్టడం మంచి పద్ధతి.

యాంటీబయాటిక్‌తో అక్కర్లేనివాటిని అణచడం కొత్తగా వచ్చిన ఆలోచన కూడా కాదు. పెన్సిలిన్ గురించి అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1929లో ప్రచురించిన మొదటి పరిశోధన పత్రం శీర్షికలోనే, ఇప్పుడు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అని పిలిచే బ్యాక్టీరియాను వేరుచేయడానికి అది పనికొస్తుందని ఉంది. గొంతు నమూనాల్లోని కోకైలను పెన్సిలిన్ అణచేస్తే హీమోఫిలస్ బయటపడేది. ప్రాణాలు కాపాడే మందుగా పేరు తెచ్చుకోకముందే పెన్సిలిన్ కల్చర్ ప్లేట్ మీద పని చేసింది. ఇది సిలబస్‌లో ఉండకపోవచ్చు, కానీ వైవాలో చెబితే ఎగ్జామినర్ ముఖం కాస్త వెలుగుతుంది.

ఇదే పద్ధతిలో ఎక్స్‌ఎల్‌డి అగర్ (సాల్మొనెల్లా, షిగెల్లా కోసం వాడేది) చదివి చూడండి, అది చాలా తెలివైన కూర్పు. డీఆక్సికోలేట్ గ్రామ్ పాజిటివ్‌లను ఆపుతుంది. ఇక చూపించే భాగంలో జైలోజ్, లాక్టోజ్, సుక్రోజ్ అని మూడు చక్కెరలు, లైసిన్, ఫీనాల్ రెడ్, పైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టుకోవడానికి థయోసల్ఫేట్, ఇనుము ఉంటాయి. షిగెల్లా సాధారణంగా జైలోజ్‌ను ముట్టుకోదు, అందుకే ఎర్రగా ఉంటుంది. సాల్మొనెల్లా జైలోజ్‌ను తినేస్తుంది, ముందు ఆమ్లం వస్తుంది. జైలోజ్ కొంచెమే వేస్తారు కాబట్టి త్వరగా అయిపోతుంది. అప్పుడు సాల్మొనెల్లా లైసిన్ మీద పడి దాన్ని డీకార్బాక్సిలేట్ చేస్తుంది, పీహెచ్ మళ్లీ పెరిగి కాలనీ ఎర్రబడుతుంది. దాంతో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముతో కలిసి మధ్యలో నల్లటి చుక్క పెడుతుంది. మరి ఇ. కోలై కూడా చాలావరకు లైసిన్‌ను డీకార్బాక్సిలేట్ చేయగలదు కదా, అదెందుకు ఎర్రబడదు? అందుకే లాక్టోజ్, సుక్రోజ్ ఎక్కువ వేశారు. ఇ. కోలై వాటిని పులియబెడుతూనే ఉంటుంది, ఆ ఆమ్లం ముందు లైసిన్ చాలదు, కాలనీ పసుపుగానే మిగులుతుంది.

ఇంత తెలివిగా కూర్చినా ఎక్స్‌ఎల్‌డి కూడా మోసపోతుంది. సూడోమోనాస్ ఎర్రగా వచ్చి షిగెల్లాలా కనిపించవచ్చు. ప్రోటియస్ కూడా నల్ల చుక్క పెట్టగలదు. పారాటైఫి ఎ లాంటి సాల్మొనెల్లాకు నల్ల చుక్క సాధారణంగా రాదు. టీసీబీఎస్ కూడా అంతే. పీహెచ్ 8.6, బైల్ సాల్ట్స్ కలిసి మిగతావాటిని ఆపుతాయి, సుక్రోజ్‌ను పులియబెట్టే విబ్రియో కలరే పసుపుగా, పులియబెట్టని పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా వస్తాయి. ఆల్జినోలిటికస్ కూడా పసుపే.

ఒకసారి ఈ లెక్క పట్టుబడితే కొత్త మీడియం చూసి భయపడరు. మకాంకీలో లాక్టోజ్ తీసేసి సార్బిటాల్ వేశారంటే, సార్బిటాల్‌ను పులియబెట్టని ఒక రకాన్ని వెతుకుతున్నారన్న మాట. ఇ. కోలై ఓ157 స్ట్రెయిన్లు చాలావరకు అలాంటివే. అవి రంగు లేకుండా, మామూలు ఇ. కోలై గులాబీగా వస్తాయి. సోడియం ఎజైడ్ ఉందంటే గ్రామ్ నెగెటివ్‌లను ఆపుతున్నారు. సెట్రిమైడ్ ఉందంటే సూడోమోనాస్ ఎరుజినోసా కోసం. మలకైట్ గ్రీన్ ఉన్న గుడ్డు మీడియం క్షయ బ్యాక్టీరియా కోసం, అక్కడ వారాల తరబడి ఆగాలి కాబట్టి త్వరగా పెరిగే ఇతర జాతులను అణచకపోతే పని జరగదు. ఆపేది పదార్థమే కానక్కర్లేదు. క్యాంపైలోబాక్టర్ కోసం ప్లేట్లను 42 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిలో పెడతారు. ఆ వేడి, ఆ గాలి కూడా సగం పోటీని తగ్గిస్తాయి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఆహారం, నీటి నమూనాలు చేయాల్సి వచ్చినప్పుడు నేరుగా సెలెక్టివ్ ప్లేట్ మీదికి వెళ్లకండి. వేడి, గడ్డకట్టించడం, క్లోరిన్ వల్ల దెబ్బతిన్న కణాలు బైల్, రంగులను తట్టుకోలేవు. న్యూట్రియంట్ అగర్ మీద కోలుకుని పెరిగే కణమే సెలెక్టివ్ మీడియం మీద పడితే చస్తుంది. సాల్మొనెల్లా కోసం ముందు బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో రాత్రంతా కోలుకోనిచ్చి, తర్వాత రాపాపోర్ట్ వాసిలియాడిస్ లాంటి సెలెక్టివ్ బ్రాత్‌లో పెంచి, ఆ తర్వాతే ఎక్స్‌ఎల్‌డి మీద వేయడం అందుకే. రికార్డులో ‘సాల్మొనెల్లా లేదు’ అని రాసే ముందు, కోలుకునే అవకాశం ఇచ్చామా అని చూసుకోండి.

ఇక ఫ్రిజ్‌లోని పాత ప్లేట్లు. ఎప్పుడు పోశారో తేదీ రాసి లేకపోతే పారేయండి, దాని మీద చర్చ వద్దు. తేదీ ఉంటే, అంచుల దగ్గర అగర్ గాజు నుంచో ప్లాస్టిక్ నుంచో ఊడి ముడుచుకుందా చూడండి. మూత లేకుండా లేదా కవర్ లేకుండా ఉన్న ప్లేట్లలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అలాగే మిగులుతుంది. మానిటాల్ ప్లేట్‌కు ఇది మరీ చేటు. 7.5 శాతం అనుకున్న ఉప్పు అంతకు మించిపోయి, నలతగా ఉన్న ఆరియస్ కణాలు కూడా రాకపోవచ్చు. రంగులున్న మీడియాను వెలుతురులో ఉంచినా పాడవుతుంది, ముఖ్యంగా ఇఎంబీ (ఇయోసిన్ మెథిలీన్ బ్లూ అగర్). పలచగా పోసిన ప్లేట్లు త్వరగా ఎండుతాయి. 90 మిల్లీమీటర్ల ప్లేట్‌కు 20 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది.

ప్లేట్లు చూడడానికి బాగానే ఉంటే, మీ నమూనా వేసే ముందు వాటిలో ఒకటి తీసి మూడు భాగాలు చేయండి. ఒక భాగంలో ఆరియస్ ఏటీసీసీ 25923 (ఈ నంబర్లు ప్రామాణిక స్ట్రెయిన్లవి), ఒక భాగంలో ఎపిడెర్మిడిస్ 12228, ఇంకో భాగంలో ఇ. కోలై 25922 స్ట్రీక్ చేసి, 35 నుంచి 37 డిగ్రీల దగ్గర పెట్టండి. మొదటిది పెరిగి అగర్‌ను పసుపు చేయాలి, రెండోది పెరిగినా అగర్ ఎర్రగానే ఉండాలి, మూడోది అణగిపోవాలి. ఆరియస్‌ను మరీ ఒత్తుగా వేయకండి, ఒత్తుగా వేస్తే పాడైన ప్లేట్ మీద కూడా ఏదో ఒకటి పెరిగి మిమ్మల్ని మభ్యపెడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ బ్యాచ్ మొత్తం ఆటోక్లేవ్ చేసి పారేసి, కొత్త ప్లేట్లు పోసుకోండి.